లచ్చయ్య మరిచిపోలేదు

పోయిన నెల లచ్చయ్య పెద్దకర్మకు వెళ్ళి వచ్చాను. వచ్చినప్పటినుంచి నిద్ర పట్టడం లేదని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ అది అబద్ధం. నిద్ర బాగానే పడుతోంది, అన్నమూ సయిస్తోంది. ఇంత జరిగాక కూడా మనిషికి ఇవన్నీ మామూలుగా జరిగిపోతాయని అరవై దాటాక తెలిసి, కొత్తగా సిగ్గుపడుతున్నాను. లచ్చయ్య మా నాన్న లారీకి క్లీనరు. నేను ఆ తర్వాత ఖమ్మంలో షెడ్డు పెట్టుకుని ముప్పై ఏళ్ళు డీజిల్ పంపులు బాగుచేశాను. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళందరికీ మొదటి రోజే ఒక మాట చెప్పేవాణ్ణి. బండి స్టార్ట్ కావడం లేదని వస్తే ఓనరు తన తొందర చెప్తాడు, డ్రైవరు తన తప్పేం లేదని చెప్తాడు, జబ్బేమిటో క్లీనరు చెప్తాడు, ముందు అతన్ని అడగండ్రా అని. ఎంత అనుభవమో మా గురువుకి అని వాళ్ళు అనుకునేవాళ్ళు. ఆ అనుభవం ఎక్కడ, ఎవరి బిడ్డ మీద నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు.

మాది మధిర వైపు కుటుంబం. నాన్నకి పెళ్ళయిన కొత్తలో అక్కడ అన్నదమ్ముల మధ్య పొసగక, పాల్వంచ దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊరికి వచ్చేశాడు. కొన్నాళ్ళు కౌలు చేసి, అది అచ్చిరాక, ఎవరో వాడి వాడి విసిగి అమ్మేసిన, ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు లారీ ఒకటి కొన్నాడు. అడవి కూపుల్లో కొట్టిన వెదురు, ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు మూటలు, ఇప్పపూల బస్తాలు, ఏది దొరికితే అది తోలేవాడు. లారీకి ఇంట్లో మనిషికున్నంత మర్యాద. చలికాలం పొద్దున్నే అమ్మ కాగు కింద మంట వేస్తే మొదటి నీళ్ళు లారీ రేడియేటరుకి, రెండో నీళ్ళు నాన్న స్నానానికి. నాన్న వేపపుల్ల నములుతూ లారీ చుట్టూ తిరిగి, ఒక్కొక్క టైరునీ కాలితో తన్ని ఆ చప్పుడు వినేవాడు. పుచ్చకాయ కొనేవాడు వేలితో కొట్టి చూసినట్టు. ఇల్లంతా లారీ వాసనే. దుప్పట్లలో డీజిలు, నాన్న చొక్కాల్లో పచ్చి వెదురు, వేసవిలో పెరుగన్నంలో కూడా తునికాకు వాసన వస్తోందని నేను గొడవ చేస్తే, "ఆ వాసన లేని రోజు పెరుగు కూడా ఉండదురా" అనేది అమ్మ.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, చెప్పకపోతే ముందు జరిగేది అర్థం కాదు. ఆ రోజుల్లో డీజిలు ఇంజను తాళం తిప్పితే ఆగేది కాదు. స్టీరింగు పక్కన ఒక నల్ల బుడిపె ఉండేది. దాన్ని బయటికి లాగితే లోపల తీగ బిగిసి పంపు డీజిలు ఇవ్వడం మానేస్తుంది, ఇంజను ఆగిపోతుంది. ఆగాక బుడిపెని మళ్ళీ లోపలికి నెట్టాలి. నెట్టకపోతే మర్నాడు పొద్దున సెల్ఫ్ కొట్టినా, ఊరంతా కలిసి తోసినా, బండి అంటుకోదు. ఇంతే. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. నాన్న రోజూ లారీ ఎక్కగానే స్టీరింగుని కళ్ళకద్దుకుని, బుడిపె లోపలే ఉన్నా సరే అరచేత్తో మరోసారి నొక్కి, అప్పుడు సెల్ఫ్ కొట్టేవాడు. నేనది కొన్ని వందల సార్లు చూసినవాణ్ణి.

లచ్చయ్యకి అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఊరి అవతల గూడెం నుంచి కోడి కూసే వేళకి వచ్చేవాడు. అతని కులం పేరు రాయనక్కర్లేదు, అతని గ్లాసు ఎక్కడుండేదో చెప్తే చాలు. మా దొడ్డిగోడకి బయటివైపు ఒక గూడు ఉండేది, అందులో ఉండేది. అమ్మ చెంబు పైకెత్తి పోసేది, ఒక్క చుక్క కూడా కింద పడేది కాదు, అంత అలవాటు. అమ్మ చెడ్డమనిషి కాదు. పండగకి అతని పెళ్ళానికి చీర పెట్టేది, జ్వరమొస్తే కషాయం కాచి పంపేది. ఇవి రెండూ ఒకే మనిషి చేతులే చేసేవి, ఆ రెంటికీ పేచీ ఉందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకు అసలే తోచలేదు. లచ్చయ్య లారీని లోపలా బయటా కడిగేవాడు. ముందు అద్దం పైన ఉన్న దేవుడి పటాన్ని మాత్రం వదిలేసేవాడు. అతను దిగిపోయాక అమ్మ తడిగుడ్డతో వచ్చి పటం తుడిచి బొట్టు పెట్టేది. లారీ మీద కూర్చుని ఇంజను చప్పుడు వింటూనే ఏ గేరులో ఉందో, ఏ చక్రం బేరింగు అరిగిందో చెప్పేవాడు. నాన్న అతన్ని "లచ్చయ్యా" అని పిలిచేవాడు. నేను "ఒరే లచ్చయ్యా" అనేవాణ్ణి. నన్ను చిన్నప్పుడు వాగు దాటించి బడిలో దింపింది ఆ మనిషి భుజాలే.

ఐటీఐలో డీజిల్ మెకానిక్ ప్యాసయ్యి ఆ శ్రావణమాసంలో ఇంటికొచ్చాను. కొత్త నీరొస్తే పాత నీరు పోతుందన్నట్టు, నేనొచ్చాక ఇంక మన లారీకి బయటి మేస్త్రీలు అక్కర్లేదని అమ్మ ఊళ్ళో చెప్పుకుంది. నాకు లైసెన్సు కూడా వచ్చింది. నాన్న మాత్రం, "సర్టిఫికెట్టు గోడకి కట్టు, చేతికి రావాల్సింది ఇంకా ఉంది" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ వారంలోనే మధిరలో నాన్న మేనమామ పోతే, నాన్న బస్సెక్కి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, వానలు కదా, బండి తీయొద్దు అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం అమ్మ దేవుడి గూట్లోంచి ఒక చిన్న పసుపుగుడ్డ మూట తెచ్చింది. నవమికి భద్రాచలం వెళ్ళి తెచ్చుకున్న తలంబ్రాలు. కొడుకు ప్యాసయితే లారీలో కడతానని మొక్కుకుందట. "నువ్వే కట్టరా, స్నానం చేసి వచ్చావుగా, పొద్దున లేచి చెయ్యి పెట్టగానే ముందు తగిలేచోట కట్టు" అంది. పొద్దున లేచి చెయ్యి పెట్టగానే తగిలేది ఏది? ఆ బుడిపే. దాన్ని బయటికి లాగితే దాని మెడ దగ్గర కట్టడానికి చోటు దొరికింది. పసుపు దారం తొమ్మిది చుట్లు చుట్టి, మూడు ముళ్ళు వేసి, నిమ్మకాయంత మూటని బుడిపెకీ బోర్డుకీ మధ్య బిగించాను. చూడ్డానికి బాగుంది. ఐటీఐలో మేము నేర్చుకున్న ఇంజన్లు ఇనప స్టాండు మీద ఉండేవి, వాటికి కేబినూ లేదు బుడిపే లేదు అని చాలా ఏళ్ళు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది సాకు. బుడిపె ఏమిటో నాకు తెలుసు. కడుతున్నప్పుడు నేను దేవుడి గురించీ అమ్మ మెచ్చుకోలు గురించీ ఆలోచిస్తున్నాను, డీజిలు గురించి కాదు.

రెండు రోజుల తర్వాత, తెల్లవారి ఇంకా మబ్బు విడవలేదు, లచ్చయ్య కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. ఐదేళ్ళ పిల్ల, పేరు సమ్మక్క. పెళ్ళాం తల్లిగారింట్లో ఎవరికో బాగాలేదని వేంసూరు వెళ్ళింది, పిల్ల తండ్రి దగ్గరే ఉంది. గోనెసంచి కప్పుకుని వచ్చాడు, పిల్ల తల అతని మెడ మీద వాలిపోయి ఉంది.

"బాబూ, బిడ్డ పానం మంచిగ లేదు. రెండు దినాల సంది జరం. గిప్పుడు పిలిస్తె పలుకుతలేదు, కండ్లు పైకి పెడుతుంది. వానకు పొద్దుగాల బస్సు రాలే. జర లారీ తియ్యి బాబూ, భద్రాచలం దవాఖానకు పోదాం."

నాన్న వద్దన్న మాట గుర్తుకొచ్చింది. అయినా బండి తీయడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఏముంటుంది అనుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే నేను మంచివాణ్ణే. కానీ నాకు ఇంకో ఉత్సాహం కూడా ఉందని ఒప్పుకోవాలి. నాన్న లేడు, బండి నా చేతిలో ఉంది. అమ్మ పిల్లని అరుగు మీద పడుకోబెట్టించి, నుదుటికి తడిగుడ్డ వేయమని లచ్చయ్యకి గుడ్డ ఇచ్చింది. నేను లారీ ఎక్కి సెల్ఫ్ కొట్టాను. ఇంజను గిరగిరా తిరిగింది, అంటుకోలేదు. మళ్ళీ కొట్టాను. పొగ గొట్టంలోంచి పొగ కూడా రాలేదు.

ఇక మొదలుపెట్టాను నా విద్య. బ్యాటరీ బాగానే ఉంది, లేకపోతే ఇంజను అలా తిరగదు. టాంకులో పుల్ల పెట్టి చూశాను, సగం ఉంది. గాలి పట్టిందేమోనని ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టాను, బుడగ లేకుండా చక్కటి డీజిలు వచ్చింది. గూడెం వాళ్ళని నలుగురిని పిలిపించి బురదలో తోయించాను, చక్రాలు జారాయే గానీ లాభం లేదు. ఇదంతా అయ్యేసరికి బాగా పొద్దెక్కింది. అప్పుడు లచ్చయ్య కింద నిలబడి, "బాబూ, ఆ ఆపుడు బుడిపె ఒక్కపారి సూడున్రి" అన్నాడు. నేను ఇంజను మీద వంగి ఉన్నాను, తల కూడా ఎత్తలేదు. "నీకేం తెలుసురా, ఇది పంపు జబ్బు" అన్నాను. నిజానికి అప్పటికి నాకు పంపు జబ్బని కూడా తెలియదు. అతను బుడిపె అన్నాడు గనక నేను పంపు అన్నాను.

అన్నాను గనక నిరూపించాలి. పంపు నుంచి ఇంజను నాజిళ్ళకి వెళ్ళే గొట్టాల నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి, అమ్మని తాళం దగ్గర కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టించాను. నాలుగు చుక్కలన్నా చిమ్మాల్సిన చోట ఒక్క చుక్కా రాలేదు. చూశావా, పంపులోంచి డీజిలు రావడం లేదు, పంపే పోయింది అన్నాను. చదువు ఎంత పనికొచ్చిందో చూడండి, జబ్బు లక్షణం సరిగ్గా పట్టుకున్నాను, జబ్బు పట్టుకోలేదు. పంపు డీజిలు ఇవ్వకుండా మూసి పెట్టింది నేను కట్టిన మూట.

లచ్చయ్య పిల్లని ఎత్తుకున్నాడు. "నడుసుకుంట పోత బాబూ, పెద్ద రోడ్డెక్కితె ఏదన్న బండి దొర్కుతది" అన్నాడు. పెద్ద రోడ్డు రెండు కోసులు, నాలుగు మైళ్ళ దూరం. అప్పుడు పంపించి ఉంటే ఏమయ్యేదో తెలియదు. నేను, "పది నిమిషాలు ఆగు, పంపు విప్పి చూస్తాను" అన్నాను. ఆగాడు. ఆ పది నిమిషాలు అరగంట అయింది, గంట అయింది. పిల్ల ఒకసారి కొయ్యలా బిగుసుకుపోయింది. అమ్మ ఉల్లిపాయ నలిపి వాసన చూపించమంది, తాళంచెవి చేతిలో పెట్టమంది. పిల్ల పళ్ళు బిగబట్టి ఉంది.

లచ్చయ్య పిల్లని అరుగు మీద పెట్టి, ఈసారి ఏమీ అడక్కుండా కేబిను తలుపు పట్టుకుని పైకెక్కాడు. నేను లోపల కింద కూర్చుని పంపు బోల్టులకి సరిపడే స్పానరు కోసం పెట్టె వెతుకుతున్నాను. అతని చెయ్యి నా తల మీదుగా వచ్చి ఆ పసుపు మూట వైపు వెళ్ళింది. "ఒరే, ముట్టుకోకు! తలంబ్రాలురా అవి!" అని అరిచాను. చెయ్యి ఆగలేదు. నా చేతిలో అప్పటికే ఒక స్పానరు ఉంది. దాంతోనే అతని వేళ్ళ మీద కొట్టాను.

అతను చెయ్యి తీసేసుకున్నాడు. నా వైపు చూడలేదు. దిగి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వానలో నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు, నేను దిగి ఇంజను మీద వంగి పంపు బోల్టు ఒకటి విప్పుతున్నాను. తర్వాత దొడ్డివైపు వెళ్ళి గోడ బయటినుంచి అమ్మని పిలిచాడు. "అమ్మా, మీరన్న జెప్పున్రి బాబుకు. ఆ మూట అడ్డముంది. బుడిపె లోపటికి పోతలేదు. నన్ను ముట్టొద్దన్నడు."

అమ్మ వచ్చేసరికి నేను ఇంకో స్పానరు కోసం మళ్ళీ కేబినులో ఉన్నాను. కిటికీలోంచి, "ఏంట్రా, లచ్చయ్య ఆ బుడిపె లోపలికి పోవట్లేదంటున్నాడు, చూశావా?" అంది.

అప్పుడు చూశాను. బుడిపె రెండంగుళాలు బయటికి ఉంది. పసుపు మూట దాని మెడలో మేకులా బిగుసుకుని ఉంది. మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. దారం తెంపడానికి చెయ్యి చాచాను. అమ్మ, "ఆగరా! లేచిందగ్గర్నుంచీ స్నానం లేదు, ఒళ్ళంతా నూనె, ఆ చేత్తో తలంబ్రాలు తెంపుతావా? నేను రెండు చెంబులు పోసుకుని వస్తానుండు" అంది.

నేను ఆగాను.

తెలియక చేసినదానికి మనిషిని క్షమించవచ్చేమో. కొట్టినదానికి కూడా, కోపమనో తొందరనో ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. కానీ జబ్బేమిటో తెలిసి, చెయ్యి చాచి, అమ్మ స్నానం చేసి వచ్చేదాకా ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను చూడండి, దానికి నా దగ్గర ఏ మాటా లేదు. దొడ్లో చెంబులతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినపడుతోంది. రెండు చెంబులు కాదు, ఆవిడ అలవాటుగా తలంటు కూడా పోసుకుంది. లచ్చయ్య పిల్లని ఎత్తుకుని లారీ పక్కనే నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా ఆ నీళ్ళ చప్పుడు విన్నాం. అమ్మ తడి జుట్టుతో వచ్చి, మూడు ముళ్ళూ ఓపిగ్గా విప్పి, మూటని కళ్ళకద్దుకుని లోపలికి తీసుకెళ్ళింది. వదులు చేసిన బోల్టూ నట్లూ బిగించి, బుడిపె నెట్టి సెల్ఫ్ కొట్టాను. నాలుగు తిప్పులకి ఇంజను అంటుకుంది.

గోదావరి వంతెన దాటేసరికి మధ్యాహ్నం అయింది. డాక్టరు సూది మందు వేసి సీసా ఎక్కించాడు. మలేరియా మెదడుకెక్కిందన్నాడు. "పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదయ్యా?" అని లచ్చయ్యని గద్దించాడు. నేను పక్కనే ఉన్నాను. లచ్చయ్య, "లారీ స్టార్ట్ కాలే సారూ" అన్నాడు, అంతే. నాలుగో రోజున పిల్ల కళ్ళు తెరిచింది. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యీ కుడి కాలూ స్వాధీనంలోకి రాలేదు, మాట చాలా ఏళ్ళు ముద్దగా ఉండేది. ఆ పూట తొందరగా తీసుకెళ్ళి ఉంటే బాగుండేదా అని నేను తర్వాత ఎంతోమంది డాక్టర్లని ఎవరి గురించో అడిగినట్టు అడిగాను. ఉండొచ్చు, ఉండకపోవచ్చు, కానీ ఈ జబ్బులో గంటలే లెక్క అన్నారు అందరూ.

నాన్న మధిర నుంచి వచ్చాక అమ్మ ద్వారా సంగతి విన్నాడు. మూట అడ్డుపడిందన్నంత వరకే అమ్మ చెప్పింది. స్పానరు సంగతి అమ్మకి తెలియదు. నాన్న లచ్చయ్యని పిలిచి, "వాడు పిల్లోడు, వాడికి తెలియదు. నీకు తెలుసుగా, పదిహేనేళ్ళ నుంచి ఈ బండి మీద ఉన్నావు. నీ బిడ్డ ప్రాణం మీదికొస్తే కూడా బుడిపె చూడాలని గుర్తు రాలేదా?" అన్నాడు. నిజంగా బాధపడే అన్నాడు. లచ్చయ్య ఒక్కసారి నా వైపు చూశాడు. నేను గోడకున్న కాలెండరు చూశాను. "యాది మరిసిన పెద్దయ్యా" అన్నాడు లచ్చయ్య. అతని కుడిచేతి వేళ్ళు రెండు అప్పటికింకా వాచి ఉన్నాయి. ఆ మాటే ఊళ్ళో నిలిచిపోయింది. కన్నబిడ్డ చావుబతుకుల్లో ఉంటే బుడిపె నెట్టడం మరిచిపోయిన క్లీనరు అని, మతిమరుపు మనిషిని ఎవరినైనా ఎగతాళి చేయడానికి లచ్చయ్య పేరు వాడేవాళ్ళు. నా ముందు కూడా వాడారు. నేను కూడా నవ్వాను.

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు అతను మా లారీ మీదే పనిచేశాడు. నేను స్టీరింగు మీదున్న రోజున మాత్రం కేబినులోకి రాలేదు, వానైనా ఎండైనా వెనక లోడు మీదే కూర్చున్నాడు. నాన్న పోయాక లారీ అమ్మేశాం, నేను ఖమ్మం వచ్చేశాను. షెడ్డు పెట్టుకున్నాను, పేరొచ్చింది. ఇప్పుడు బండి మొరాయిస్తే కుర్రాళ్ళు ఒక తీగ గుచ్చి తెర మీద జబ్బు పేరు చదువుతారు, నాజిలు నట్టు విప్పి చూసే పనే లేదు. మా ఊళ్ళో ఆ గోడ గూడు కూడా లేదు, గోడే లేదు. పెళ్ళిళ్ళలో అందరం ఒకే బంతిలో తింటున్నాం. ఆ రోజులు పోయాయని మావాళ్ళు ఎంత తేలిగ్గా అంటారో! అవి వాటంతట అవే పోయినట్టు, వాటిలో మేమెవరం లేనట్టు. నేనూ అలాగే అంటూ బతికాను. ఏడాదికోసారి లచ్చయ్యని చూసొద్దాం అనుకునేవాణ్ణి, అనుకోవడంతోనే దగ్గర దగ్గర నలభై ఏళ్ళు గడిచాయి.

పోయాడని ఫోను చేసింది సమ్మక్కే. బడి పక్కన చిన్న కిరాణా కొట్టు నడుపుతోంది. పెద్దకర్మ అయ్యాక ఆ కొట్లో, ఆమె ఎడమచేత్తో పొట్లం కట్టడం చూస్తూ నేను బెంచీ మీద కూర్చున్నాను. నన్ను గౌరవంగానే పలకరించింది. మాటల్లో, "మా నాయన పోయే ముందట గూడ నా కాలు పట్టుకుని ఏడ్సిండు సారూ. నేనే యాది మరిసిన బిడ్డా, నీకు గిట్ల జేసిన అని. నేను ఎన్నడు ఏమన్లే. మా అమ్మనే… బిడ్డను నీ శేతుల పెట్టి పోతె గింత జేసినవని, ఆనాటి సంది ఆయనతోని మంచిగ మాట్లాడలే. అన్నం పెట్టేది, మాట్లాడకపోయేది" అంది.

నేను అప్పుడు చెప్పేశాను. మూట కట్టింది నేనని, బుడిపె చూడమని అతను చెప్తే విననిది నేనని, స్పానరుతో కొట్టింది నేనని. సమ్మక్క పొట్లానికి దారం చుట్టడం పూర్తి చేసి పక్కన పెట్టింది. తర్వాత, "నాకు జెప్పుడు కాదు సారూ. అమ్మకు జెప్పున్రి" అంది.

ఆవిడ దగ్గరికి వెళ్తుంటే నాకు ఒక సంగతి తట్టింది. అతను సొంత పెళ్ళానికి కూడా నిజం ఎందుకు చెప్పలేదు? నన్ను కాపాడటానికి కాదు, నేనంత గొప్పవాణ్ణి కాను. తెలిసుండీ దెబ్బ తిని చేతులు ముడుచుకుని నిలబడ్డానని పెళ్ళానికి చెప్పడం కన్నా, మరిచిపోయానని చెప్పడం ఆ మనిషికి తేలిక అయి ఉంటుంది. అది తట్టాక వెనక్కి తిరగాల్సింది. కానీ నా బరువు దించుకోవాలన్న తొందరలో ఉన్నాను.

లచ్చయ్య పెళ్ళాం ఇంటి వెనక వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉంది. నేను నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ గోడవైపు చూస్తూ విన్నది.

"అంటె, ఆయనకు ఎరికేనా?" అంది చివరికి.

"ఎరికేనమ్మా. లచ్చయ్య మరిచిపోలేదు. నేనే ముట్టుకోనివ్వలేదు, కొట్టాను."

"ఎన్నిసార్లు కొట్టినవు?"

"ఒక్కసారే."

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో కోపం నా మీద లేదు.

"ఒక్క దెబ్బకే ఊకున్నడా?" అంది. "బిడ్డ గట్ల కొట్టుకుంటుంటె, ఒక్క దెబ్బకే ఊకున్నడా?"

అది ఒక్క దెబ్బ కాదని, దానికి ముందు మా ఇంట్లో పదిహేనేళ్ళు ఉన్నాయని, ఆ పదిహేనేళ్ళూ ముట్టుకోవద్దని నేర్పిన తర్వాతే ఆ ఒక్కటి సరిపోయిందని నేను చెప్పాల్సింది. చెప్పడానికే వెళ్ళినవాణ్ణి. చెప్పలేదు. ఆవిడ మళ్ళీ గోడవైపు తిరిగింది. పదకొండు రోజుల క్రితం పోయిన మనిషి మీద, నేను చూస్తుండగానే, ఆవిడ మనసు ఇంకోసారి విరిగింది. నేను లేచి ఖమ్మం బస్సెక్కాను.